బుడ్డకాశ చుట్టం

కొత్తకోట,
ఆగస్టు 21, 2022

మెర్సీ అక్కా,

ఫోన్ల ఎన్ని ఫొటోలు పెట్టినా నీకు ఆకు పచ్చగనే కనపడుతాంది, బెజ్జాలు కనపడుతలేవు. అందుకే ఆకునే పంపుతున్న. హాస్టల్ల ఉన్నప్పుడు రాసుకున్నట్టే మళ్ల రాసుకుందాం. ఫోన్ల అయితే మనిద్దరం మూడో మాటకే పోట్లాడుకుంటం. ఉత్తరంల అయితే మాట మధ్యల అందుకోనీకి రాదు.

నువ్వు హైదరాబాదు మీటింగు నుంచి తెచ్చిచ్చిన టొమాటిల్లో విత్తనం, గా పైదేశపు పచ్చ టమాటది, బాగనే మొలిసింది. బాపు చేన్ల అరెకరం నాటిన. మోకాలెత్తు వచ్చింది. ఇప్పుడు ఆకుల నిండ సూదితో పొడిసినట్టు బెజ్జాలు. దగ్గరికి పోతే నువ్వుగింజంత నల్ల పురుగులు టపటప ఎగురుతున్నయి.

ఊరందరికి నవ్వులాట అయ్యింది. పొద్దు పొద్దున ఎవరో ఒకరు గట్టు మీద నిలబడి చూసిపోతున్నరు. పక్క చేను జానయ్య మామ అయితే, "ఏం మల్లికా, ఊరంత కలుపు పీకుతాంటే నువ్వు కలుపు నాటినవేందే? గిది బుడ్డకాశ చెట్టు గాదా?" అన్నడు. "బుడ్డకాశ కాదు మామా, దాని పెద్దక్క. పట్నంల చదువుకున్నది" అన్న. అందరు నవ్విన్రు, నేను కూడ నవ్విన. మా ఇంటాయన నవీన్ మాత్రం నవ్వలె.

నీకు ఫోన్ల చెప్పలేదు గాని, ఈ పంట పోతే బాపు విడిచిపోయిన రెండెకరాలు జానయ్య మామకు కౌలుకిచ్చి తను హైవే మీద దాబాల పనికి పోతనంటున్నడు నవీన్. కాయ మంచిగుంటే నవంబరు నుంచి వారం వారం బండి పంపుతనని ఆ కాయతో పచ్చడి చేసే పట్నం హోటలాయన మాటిచ్చిండు. బండి వస్తే చేను నాది, రాకుంటే జానయ్యది. గంతే అక్కా.

పురుగుకు ఏం చెయ్యాలె? జర తొందరగ రాయి.

నీ చెల్లె,
మల్లిక


నల్గొండ,
ఆగస్టు 26, 2022

మల్లికా,

నీ ఆకు చేరింది. పోస్టులో నలిగినా బెజ్జాలు మాత్రం చక్కగా ఉన్నాయి. భయపడకు. ఇది ఎగిరే పెంకుపురుగు. వంకాయనూ టమాటానూ కూడా ఇలాగే కొరుకుతుంది. లేత మొక్కకే దీనితో ప్రమాదం, మోకాలెత్తు వచ్చిన మొక్క తట్టుకుంటుంది. పొద్దున్నే మంచు ఆరకముందు ఆకుల మీద జల్లెడ పట్టిన బూడిద చల్లు. వారం ఆగి వేప కషాయం కొట్టు. తగ్గకపోతే ఇంకో రెండు వారాలకు మళ్లీ కొట్టు. ఆకు అడుగున తడవాలి, పైన కాదు.

ఇంత ధీమాగా రాశాను గానీ, కవరు అంటించే ముందు రెండుసార్లు పుస్తకం తెరిచి చూసుకున్నాను. ఇరవై ఏళ్లుగా వృక్షశాస్త్రం చెబుతున్నాను. ఇంటి ముందు కుండీలో మిరపచెట్టును మాత్రం బతికించుకోలేకపోయాను. నా మాట విని నువ్వు అరెకరం నాటావని తలుచుకుంటేనే భయమేస్తోంది.

నీకు గుర్తుందా? చిన్నప్పుడు ఎవరి చేనులో కాయ ముట్టుకున్నా తిట్లు పడేవి. గట్టు మీది బుడ్డకాశను మాత్రం ఎవరూ ఏమీ అనేవారు కాదు. వాళ్లకు అది పీకి పారేసే కలుపు. మనం ఆ కాగితంలాంటి పొర విప్పి పసుపుపచ్చ పండును నోట్లో వేసుకుని, ఊరి మీద ఏదో గెలిచినట్టు ఇంటికి వచ్చేవాళ్లం. టొమాటిల్లో దానికి దగ్గరి చుట్టమని చదివిన రోజే ఆ విత్తనం నీకు తేవాలనిపించింది. ఎందుకనిపించిందో అప్పుడు నాకు నేను చెప్పుకోలేదు.

గట్టు మీది వాళ్ల మాటలు పట్టించుకోకు. నేనైతే పట్టించుకునేదాన్ని, అందుకే చెబుతున్నాను.

అక్క


కొత్తకోట,
సెప్టెంబరు 24, 2022

అక్కా,

బూడిద పనిచేసింది. పురుగు సగానికి తగ్గింది. సెప్టెంబరు మొదట్ల కషాయం కొట్టిన. మిగిలిన పురుగుకు పది దినాల కింద రెండోసారి కూడ కొట్టిన. పూత వచ్చింది. పసుపు పువ్వు, నడుమ నల్ల మచ్చ, అచ్చం బుడ్డకాశ పువ్వే.

ఇంకో ముచ్చట విను. ఆ రెండో కషాయానికి ముందటి వారం జానయ్య మామ మన ఇంటి ముందరికి వచ్చిండు. కుర్చీ వేస్తే కూసున్నడు. చాయ్ పోస్తే తాగిండు, గ్లాసు కింద పెట్టి "మంచిగుంది బిడ్డా" అన్నడు. బాపు ఉండి చూస్తే ఏమనునో. అమ్మ అయితే నమ్మకపోవు.

ఇక అసలు సంగతి. తూర్పు దిక్కు ఆరు సాళ్లల్ల ఆకు ముడుసుకున్నది. మామూలు ముడత కాదు. దొప్ప లెక్క లోపలికి ఒంగి, కొత్త ఆకు సన్నగ నాడా లెక్క సాగింది, కాడ మెలి తిరిగింది. దినదినం పోయి చూస్తున్న.

అదే వారం జానయ్య మామ టమాటల కూడ రెండు సాళ్లు గిట్లనే ముడుసుకున్నయి. ఇంకేముంది, రోగం నా చేన్లకెళ్లే పోయిందంటున్నడు. నిన్న పాలకేంద్రం ముందర టమాట రైతులందరు కూడిన్రు. నన్ను పిలువలె, నవీన్‌ను పిలిచిన్రు. "ఎక్కడిదో కలుపు తెచ్చి ఊరికి ముడత అంటిచ్చిన్రు, ఆదివారం లోపల మొత్తం పీకి కాలబెట్టాలె" అని చెప్పి పంపిన్రు. ఆదివారమంటే రెండో తారీఖు.

ఆకు పంపుతున్న. చూసి నిజం చెప్పు. నన్ను ఓదార్చుడు వద్దు.

మల్లిక


నల్గొండ,
సెప్టెంబరు 28, 2022

మల్లికా,

ఓదార్చవద్దన్నావు కాబట్టి ఉన్నదే రాస్తున్నాను. ఆకు చూశాను, డిపార్టుమెంటులో ఇంకొకరికీ చూపించాను. ఇద్దరం ఒకే మాట అనుకున్నాం. ఇది ముడత వైరస్. తెల్లదోమ మోసుకొస్తుంది. టమాటా, మిరప, నీ మొక్క, అన్నీ ఒకే కుటుంబం. ఒకదాని నుంచి ఇంకొకదానికి పోతుంది. దీనికి మందు లేదు. పీకి కాల్చడమే.

ఉత్తరం చేరేలోపు ఆదివారం వచ్చేస్తుందని నవీన్‌కు ఫోన్ చేసి చెప్పేశాను. నీకు చేయలేదు. నీ గొంతు వింటే ఈ మాట అనలేనని తెలుసు.

తప్పు నాదే. ఊరితో పోరాడి గెలిచేంత బలం మనకుందా మల్లికా? నువ్వు ఆ ఊళ్లోనే బతకాలి. ఆ బోరు పక్కనే, ఆ బాట మీదే నడవాలి. విత్తనం ఇంకో ఏడాది తెస్తాను. ఈసారికి పీకెయ్.

అక్క


కొత్తకోట,
అక్టోబరు 3, 2022

మెర్సీ మేడంకు,

పీకలె. పీకను.

నిన్న పాలకేంద్రం ముందర నవీన్ లేచి, "మా వదిన లెక్చరర్, ఆమెనే పీకుమన్నది" అన్నడు. జానయ్య మామ తొడ మీద చెయ్యి కొట్టుకొని, "అక్కనే చెప్పినంక చెల్లెకు ఏం పట్టింపు?" అన్నడు. అందరు నా దిక్కు చూసిన్రు. పిలువకున్నా నేను పోయిన గద, ముందర్నే నిలబడ్డ.

"మా అక్క ఆకు చూసి చెప్పింది. చెట్టు చూడలె" అన్న.

"ఆకు చూస్తే చెట్టు తెల్వదా?" అన్నడు టమాట రైతు లింగయ్య.

"నీ బొటనవేలు పంపిస్త, నీకు జ్వరం ఉందో లేదో డాక్టరును చెప్పుమను" అన్న. నవ్వు ఆపుకోనీకి కొందరు దగ్గిన్రు. అండాలక్క ఒక్కతి పాలక్యాను కింద పెట్టి, "పిల్ల అడుగుతాంది గద, పది దినాలు చూస్తే ఏం మునుగుతది?" అన్నది. నేను అడగలె అక్కా, చెప్పిన. దసరా దాటి పది దినాలు, పదహారో తారీఖు దాక నా చేన్ల ఎవ్వరు కాలు పెట్టొద్దని. పెడితే ఠాణాకు పోతనని కూడ అన్న. 

నవీన్‌కు ఫోన్ల తెల్లదోమ అన్నవు గద. పసుపుపచ్చ డబ్బా మూతలకు ఆముదం రాసి చేన్ల పదిచోట్ల కట్టిన. నాలుగు దినాలకు మొత్తం ఏడు దోమలు పడ్డయి. ఏడు! ఏడు దోమలు ఆరు సాళ్లు తిన్నయా? ఈ ఉత్తరంల మూడు ఆకులున్నయి. ఒకటి నా ముడుసుకున్న చెట్టుది. రెండోది ఆ చెట్టుకు జానెడు దూరంల గట్టు మీదున్న బుడ్డకాశది. మూడోది సాలు మొదట్ల కట్టెకు పారిచ్చిన చిక్కుడు తీగది. ఈసారి నిదానంగ చూడు. చూసినంక నాకు రాయి, నవీన్‌కు కాదు.

మల్లిక


నల్గొండ,
అక్టోబరు 7, 2022

నా మల్లికా,

మేడం అన్నావు. అనిపించుకోవాల్సిందే.

మూడు ఆకులనూ తెల్లకాగితం మీద పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాను. బుడ్డకాశ నీ మొక్కకు సొంత చెల్లెలు. జానెడు దూరంలో ఉంది. వైరస్ అయితే మొదట దానికే తగలాలి. దాని ఆకు చక్కగా, చదునుగా ఉంది. చిక్కుడు ఈ కుటుంబానికి ఏమీ కాదు, దాని ఆకు మాత్రం దొప్పలా ముడుచుకుంది. చుట్టానికి రాలేదు, పరాయిదానికి వచ్చింది. రోగాలు అలా రావు మల్లికా. నీ ఆకులో పసుపు మచ్చలు కూడా లేవు. ఈనెలు మాత్రం విసనకర్ర పుల్లల్లా దగ్గరికి వచ్చి బారుగా సాగాయి. అది మొదటి ఆకులోనూ ఉంది, నేను చూడలేదు. ముడత అన్న మాట వినగానే నాకు తెలిసిన జబ్బు పేరు పెట్టేశాను.

ఇది కలుపు మందు పని. మక్కజొన్నలో వెడల్పాకు కలుపు చావడానికి కొడతారే, అది. గాలికి వచ్చిన తుంపర అయితే గట్టు మీది బుడ్డకాశకూ తగిలేది. దానికి తగలలేదంటే ఆ మందు నువ్వు కొట్టిన చోటే పడింది, కొట్టని చోట పడలేదు. రెండు విషయాలు అడుగుతాను, నిజం రాయి. జానయ్య టమాటాలో ముడుచుకున్న సాళ్లు మన గట్టు పక్కవా, ఆయన మక్కచేను పక్కవా? రెండోది, నువ్వు రెండోసారి కషాయం కొట్టినప్పుడు తూర్పు సాళ్ల నుంచే మొదలుపెట్టావా? మందు కొట్టే ఆ పంపులో అంతకుముందు ఏం పోశారు?

నువ్వు నాకు చెప్పనిది ఏదో ఉంది. చిన్నప్పుడు కూడా నువ్వు ఏదైనా దాచినప్పుడు ఉత్తరంలో సంతోషం ఎక్కువ రాసేదానివి.

పాలకేంద్రం ముందు చదవడానికి వేరే కాగితం జతచేశాను. నేను పొరబడ్డానని అందులో సంతకం పెట్టి రాశాను. మూడుసార్లు చించి నాలుగోసారి రాశాను. మొదటి మూడింటిలో "బహుశా" అన్న మాట ఉంది.

అక్క


కొత్తకోట,
అక్టోబరు 11, 2022

అక్కా,

పోయి చూసిన. ఆయన టమాటల ముడుసుకున్న రెండు సాళ్లు మక్కచేను పక్కవి. మన దిక్కున్న సాళ్లు నిమ్మలంగ ఉన్నయి. ఆయన కూడ మొన్నటిదాక ఆ దిక్కు సరిగ చూసినట్టు లేడు.

రెండోదానికి జవాబు రాసుడు కష్టంగుంది.

జానయ్య మామ చాయ్ తాగనీకి రాలె. పంపు అడగనీకి వచ్చిండు. ఆయన పంపు మోటరు కాలిపోయిందంట, మక్కల కలుపు మందు కొట్టాలె, మన బ్యాటరీ పంపు రెండు దినాలు ఇయ్యిమన్నడు. మన వాడకొచ్చి, మన గడప ముందర నిలబడి, మన వస్తువు అడిగిండు అక్కా. అంతకుముందు ఎన్నడన్న అడిగిన్రా? ఇచ్చిన. నీకు రాస్తే "ఇంకా వాళ్ల మెప్పు కోసమే చూస్తున్నవా" అంటవని చాయ్ సంగతి రాసి పంపు సంగతి ఆపిన.

మూడో దినం తెచ్చిచ్చిండు. నేను కడగలె.

తెల్వక కాదు. నవీన్ కూడ కడుగుమన్నడు. కాని యాది ఉన్నదా, అమ్మ ఆయన ఇంట్ల జల్లెడ అడిగి తెచ్చుకొని మళ్ల ఇయ్యనీకి పోతే, ఆయన తల్లి బిక్షమ్మ చేత్తో అందుకోకపోయేది. "ఆడ పెట్టు" అనేది. చెంబుతో నీళ్లు తెచ్చి జల్లెడ మీద కుమ్మరిచ్చి, అప్పుడు ముట్టుకునేది. మనిద్దరం అమ్మ కొంగు పట్టుకొని చూసేటోళ్లం. నీళ్లు కారుతున్న ఆ జల్లెడ నా కండ్లల్లకెళ్లి ఇప్పటికీ పోలె. జానయ్య మామ పంపు ఇస్తే, ఆయన బాటల ఉండంగనే నేను నీళ్లు పోసి కడుగుడా? నేను బిక్షమ్మనా? అటెన్క ఎప్పుడన్న కడగొచ్చు, కాని అది కూడ తప్పే అనిపిచ్చింది. కడగకుండనే కషాయం పోసిన. తూర్పు సాళ్లకే మొదటి డబ్బా కొట్టిన. చిక్కుడుకు కూడ.

నా చేనును నేనే పాడు చేసుకున్న. ఆయన కాదు. పదహారో తారీఖున ఇది ఎట్ల చెప్పాలె? చెప్తే నవ్వుతరు. చెప్పకుంటే పీకుతరు.

మల్లిక


నల్గొండ,
అక్టోబరు 14, 2022

మల్లికా,

ఇది కొరియర్‌లో పంపుతున్నాను, రేపటికల్లా చేరాలి.

చెప్పు. పంపు సంగతి చెప్పు. జల్లెడ సంగతి చెప్పాలో లేదో నీ ఇష్టం, అది నీదీ అమ్మదీ.

ఇప్పుడు చెట్ల సంగతి. ఇంకేమీ కొట్టవద్దు. నీళ్లు సరిగ్గా పెట్టు. మెలి తిరిగిన ఆకును చూడకు, కొమ్మ చివర కొత్తగా వచ్చే ఆకును చూడు. వైరస్ అయితే అది ఇంకా ముడుచుకుని వస్తుంది. మందు అయితే, దాని బలం తగ్గాక చదునుగా వస్తుంది. నువ్వు కొట్టి నెల అయింది, ఇప్పటికే రావాలి. కొన్ని చెట్లు కోలుకోకపోవచ్చు. పంపును బట్టలసోడా కలిపిన నీళ్లతో నింపి ఒక పూట ఉంచి, గొట్టంలోంచి కూడా పోనిచ్చి, ఇంకో రెండుసార్లు మంచినీళ్లతో కడుగు.

నువ్వు రాశావు కాబట్టి నేనూ ఒకటి రాస్తాను. స్టాఫ్‌రూంలో అందరికీ కలిపి గ్లాసులుంటాయి. నేను ఇంటి నుంచి నా గ్లాసు నేనే తెచ్చుకుంటాను, తాగి నేనే కడిగి నా సంచిలో పెట్టుకుంటాను. ఇరవై ఏళ్లుగా. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. ఎవరైనా అనే అవకాశం ఎందుకివ్వాలని నేనే ముందు జాగ్రత్త పడ్డాను. శుభ్రత కోసమని చెబుతాను. నువ్వు కడగకుండా పొరబడ్డావు, నేను కడిగి పొరబడ్డాను. ఏది పెద్ద తప్పో నాకు తెలియడం లేదు. నీ తప్పులో మాత్రం తల ఎత్తుకునే ఉన్నావు.

అక్క


కొత్తకోట,
నవంబరు 13, 2022

అక్కా,

నెల దాక రాయలేదని కోపం చెయ్యకు. చేతులు ఖాళీ లేవు.

పదహారో తారీఖు పాలకేంద్రం ముందర నీ కాగితం నేనే చదివిన. "నేను పొరబడ్డాను" అన్న కాడ లింగయ్య, "లెక్చరర్లు కూడ గట్లంటరా?" అన్నడు. "మా అక్క అంటది, నువ్వు ఎన్నడన్న అన్నవా?" అన్న. అటెన్క పంపు సంగతి చెప్పిన. కలుపు మందు ఏందో, కడగకుంటే ఏమైతదో అంత చెప్పిన. జానయ్య మామ ఎర్రగైండు. "అంటే నేను కావాలని చేసిన్నా?" అన్నడు. "నువ్వు చెయ్యలె, నేను కడగలె. కాని రోగం నా చేన్లకెళ్లి రాలె. నీ టమాట నీ మక్కచేను మందుకు ముడుసుకున్నది, పోయి చూసుకో" అన్న. అందరు పోయిన్రు. చూసిన్రు. మా గట్టు మీదికి కూడ వచ్చిన్రు. కొమ్మ చివరల కొత్త ఆకు మొలిసింది, చదునుగ, పాపడి అరచెయ్యి లెక్క. అండాలక్క ఒంగి బుడ్డకాశ పండొకటి తెంపుకొని తినుకుంట పోయింది. మిగిలినోళ్లు ఎవరి చేనుకు వాళ్లు మళ్లిన్రు. క్షమాపణ చెప్తరని నేను కూడ చూడలె.

రెండు సాళ్లు పోయినయి. నాలుగు సాళ్లు తేరుకున్నయి. మొన్న మంగళవారం హోటలాయన బండి వచ్చింది. నవీనే కాయలు ఎత్తిండు. దాబా మాట ఎత్తుతలేడు.

ఇదంతా కాదు, నిన్నటి ముచ్చట రాయాలని కూసున్న. జానయ్య మామ మళ్ల పంపు అడగనీకి వచ్చిండు. ఇయ్యొద్దని నవీన్ సైగ చేసిండు. ఇచ్చిన. పొద్దూకంగ తెచ్చి, "కడిగిన బిడ్డా" అన్నడు.

"నా ముందర కడుగు మామా" అన్న.

మన ఇంటి ముందర నల్లా ఉంది గద, అక్కడ. వాడంత చూస్తాంది. ఆయన నిలబడ్డడు. నల్లా దిక్కు చూసి, "మా అమ్మ చేసింది నువ్వు నాకు చేస్తున్నవా?" అన్నడు మెల్లగ. ఆయనకు కూడ యాది ఉన్నదక్కా. ఇన్నేండ్లు యాది ఉన్నది.

"లేదు మామా. మీ అమ్మ మా అమ్మ చేతికి కడిగింది. నేను నీ మందుకు కడుగుమంటున్న. నీ చేతికి ఏం కాలె" అన్న.

సోడా డబ్బా ముందర పెట్టిన. తువ్వాల భుజం మీదికెళ్లి తీసి కింద పెట్టి, గొంతు కూసున్నడు. ఒకసారి కడిగిండు. రెండోసారి కడిగిండు. లేవబోతుంటే "ఇంకోసారి" అన్న. కడిగిండు. గొట్టంల నీళ్లు తెల్లగ వచ్చేదాక కొట్టిండు. లేచి, అలవాటుకొద్ది పంపు కింద పెట్టబోయిండు.

"కింద వద్దు, చేతికియ్యి" అన్న. ఇచ్చిండు. నీళ్లు కారుతుండంగనే, వేలు వేలు తగిలేటట్టు తీసుకున్న.

ఈసారి ఆకు పంపుతలేను. వచ్చి చెట్టు చూసిపో. వచ్చేటప్పుడు నీ గ్లాసు సంచిల పెట్టుకొని రాకు. స్టాఫ్‌రూంల అందరి గ్లాసుల నడుమ పెట్టి రా.

మల్లిక